గాలి తగిలితే చెడిపోయే డీవీడీ

2003లో డిస్నీ అమెరికాలో ఒక వింత డీవీడీ అమ్మింది. పేరు ఈజీ-డి. ప్యాకెట్ చించాక 48 గంటల పాటు మామూలు ప్లేయర్లోనే ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు, ఆ తర్వాత డిస్కు నల్లబడిపోయి ఇక ఆడదు. తిరిగి ఇచ్చే పని లేదు, లేట్ ఫీజు లేదు, చెత్తబుట్టలో పడేయడమే. ఆస్టిన్, కాన్సస్ సిటీ లాంటి కొన్ని ఊళ్లలో దాదాపు 7 డాలర్ల ధరతో ప్రయోగం మొదలైంది. డిస్కు వెనకున్న టెక్నాలజీ ఫ్లెక్స్‌ప్లే అనే చిన్న కంపెనీది, ప్లాస్టిక్ విషయంలో సాయం జనరల్ ఎలక్ట్రిక్‌ది.

వ్యాపారం సంగతి తర్వాత, ముందు కెమిస్ట్రీ చూడాలి, ఎందుకంటే ఇందులో నిజంగా ముచ్చటైనది అదే. డీవీడీ చూడటానికి ఒకే బిళ్లలా ఉంటుంది గానీ, అవి పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన రెండు బిళ్లలు, ఒక్కోటి 0.6 మిల్లీమీటర్ల మందం, మధ్యలో జిగురు. ఫ్లెక్స్‌ప్లే వాళ్లు ఆ జిగురులో ఒక రంగు కలిపారు. రంగు అంటున్నా గానీ మొదట్లో దానికి రంగే ఉండదు. అది మెథిలీన్ బ్లూకి రంగులేని రూపం. ఆక్సిజన్ తగిలితే ముదురు నీలమవుతుంది.

ఇదే మార్పుని కాలేజీ ల్యాబ్‌లో కళ్లారా చూడొచ్చు. ఫ్లాస్కులో గ్లూకోజ్, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు పోసి కొన్ని చుక్కల మెథిలీన్ బ్లూ వేస్తే, కాసేపటికి నీలం మాయమై ద్రవం తేటగా అయిపోతుంది. బిరడా బిగించి గట్టిగా కుదిపితే మళ్లీ నీలం! కుదిపినప్పుడు ఫ్లాస్కులోని గాలి నుంచి ఆక్సిజన్ ద్రవంలో కరిగి రంగు తెప్పిస్తుంది, కదపకుండా పెడితే గ్లూకోజ్ ఆ రంగుని మళ్లీ తీసేస్తుంది. డిస్కులో మాత్రం ఇది ఒకవైపే నడుస్తుంది, నీలాన్ని మళ్లీ పోగొట్టే గ్లూకోజ్ లాంటిది అక్కడ మిగలదు కాబట్టి. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ ఆక్సిజన్ పాలికార్బొనేట్ గుండా మెల్లగా ఇంకుతూ జిగురు దాకా చేరాలి. రెండు రోజుల గడువుని ఆ ఆలస్యంలోంచే రాబట్టారు. అందుకే గాలి తీసేసి సీలు చేసిన ప్యాకెట్లో అమ్మేవాళ్లు.

మరి నీలమే ఎందుకు? డీవీడీ ప్లేయర్ లేజర్ ఎర్రది, తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. మెథిలీన్ బ్లూ మన కంటికి నీలంగా కనిపించేదే ఎర్ర వెలుగుని మింగేస్తుంది కాబట్టి. అంటే సినిమా ఎక్కడికీ పోలేదు, సినిమా రాసి ఉన్న సన్నటి గుంటల్లో ఒక్కటి కూడా చెరగలేదు, చదవాల్సిన వెలుగు మాత్రం తిరిగి రావడం లేదు. అలాంటప్పుడు నీలి లేజర్‌తో చదివేయొచ్చు కదా అని మీకు అనిపిస్తే, వాళ్లకీ అనిపించింది. నీలి వెలుగు లోపలికి వెళ్లకుండా ప్లాస్టిక్‌లోనే ఎర్ర రంగు కలిపారు. ఆ ఎరుపూ ఈ నీలమూ కలిసే డిస్కు చివరికి నల్లగా కనిపిస్తుంది. ఆ బుర్రకి దండం పెట్టొచ్చు.

ఇంత చేసినా కాపీని ఆపడంలో దీని పాత్ర సున్నా. మామూలు డీవీడీలకు వేసే సీఎస్ఎస్ అనే తాళం 40 బిట్ల బలహీనమైనదే, 1999లోనే విరిగిపోయింది. ఆ పని చేసే డీసీఎస్ఎస్ ప్రోగ్రాంని బయటపెట్టిన నార్వే కుర్రాడు జాన్ జొహాన్సన్‌ని 2003లో అక్కడి కోర్టులు రెండుసార్లు నిర్దోషిగా వదిలేశాయి. కాపీ కొట్టాలనుకున్నవాడికి గంటసేపు చాలు, 48 గంటలు ఎందుకు?

స్టూడియోల అసలు బాధ వేరు. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి కొన్న డిస్కుని కొన్నవాడు అద్దెకి ఇచ్చుకోవచ్చు, స్టూడియో అనుమతి అక్కర్లేదు. విడిగా ఒప్పందం చేసుకుంటే తప్ప అద్దె డబ్బులో స్టూడియోకి వాటా రాదు. చచ్చిపోయే డిస్కుని అద్దెకెవరు తిప్పుతారు? పెట్రోల్ బంకులోనో మందుల షాపులోనో పెట్టి అమ్మితే వీడియో షాపువాడితో పనే ఉండదు.

దీనికి అన్నలాంటిది అంతకుముందే ఒకటి వచ్చి పోయింది. సర్క్యూట్ సిటీ అనే ఎలక్ట్రానిక్స్ షాపుల సంస్థ 1998లో దించిన డివ్ఎక్స్ (తర్వాత మనమంతా కంప్యూటర్లో వాడిన డివ్ఎక్స్ వేరు). డిస్కు సుమారు నాలుగున్నర డాలర్లు, మొదటిసారి పెట్టినప్పటి నుంచి 48 గంటలు, ఇంకా చూడాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. దీనికి ప్రత్యేకమైన ప్లేయర్ కొని టెలిఫోన్ లైనుకి తగిలించాలి. అది అప్పుడప్పుడూ కంపెనీకి ఫోన్ చేసి మీరేం చూశారో లెక్క చెప్తుంది. జనం తిట్టిపోశారు. 1999 జూన్‌లో మూతపడింది, 2001 జులై తర్వాత ఆ డిస్కులు అసలు ఆడలేదు.

ఈజీ-డి కూడా 2005 మొదట్లోనే ఆగిపోయింది. రెండు రోజులకో ప్లాస్టిక్ బిళ్ల చెత్తలోకా అని పర్యావరణవాదులు గొడవ చేశారు, రీసైక్లింగ్‌కి పోస్టులో పంపండని కంపెనీ చెప్పింది. డిస్కు తిరిగిచ్చే బెడద తప్పిస్తామని మొదలుపెట్టినవాళ్లు చివరికి చెప్పింది అదీ! 2008లో స్టేపుల్స్ అనే స్టేషనరీ షాపుల్లో 5 డాలర్లకు ఇంకోసారి అమ్మి చూశారు, అదీ నిలవలేదు. అప్పటికే నెట్‌ఫ్లిక్స్ నెలచందా మీద లేట్ ఫీజు లేకుండా డిస్కులు పోస్టులో పంపుతోంది, రెడ్‌బాక్స్ యంత్రాలు డిస్కుని రాత్రికి ఒక డాలరుకే అద్దెకి ఇస్తున్నాయి.

మన దగ్గర ఇదే చిక్కుని రసాయనాలేమీ లేకుండా 2007 ప్రాంతంలో డిస్కులు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ ఇంకోలా విప్పింది. ఒరిజినల్ వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34. ఆ ధరకి కొనేసి ఉంచుకోవచ్చు, అద్దె ఊసే అక్కర్లేదు. వీసీడీకి కాపీ తాళం ఎలాగూ ఉండదు.

ఇప్పుడు ఫోన్లో సినిమా అద్దెకు తీసుకున్నా, చూడటం మొదలుపెట్టాక చాలా చోట్ల గడువు అదే 48 గంటలు. ఫైలుకి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి కంపెనీ సర్వర్లో ఉంటుంది, టైం అయిపోతే చెవి పనిచేయదు. నిలబడింది ఫ్లెక్స్‌ప్లే జిగురు కాదు, జనం తిట్టిపోసిన డివ్ఎక్స్ పద్ధతే. ఆ ప్లేయర్ ఫోన్ కలిపి మరీ చెప్పాల్సి వచ్చిన లెక్కని ఇవాళ యాప్ ఎప్పటికప్పుడు చెప్పేస్తోంది, మనం ఎక్కడ పాజ్ చేశామో కూడా కలిపి.