సైబీరియా నదులు ఆర్కిటిక్ సముద్రానికి మోస్తున్న అదనపు నీరు

చలికాలంలో సైబీరియా నది ప్రవాహం కొలవాలంటే ముందు మంచుగడ్డకు కన్నాలు పెట్టాలి. మీటరుకు పైగా మందం. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వరసగా తొలిచి, ఒక్కో కన్నంలోంచి నీటివేగం కొలిచే మీటరు దించి, లోతూ వేగమూ రాసుకోవాలి. యెనిసేయ్ మీద ఇగార్కాలో, లీనా మీద క్యుస్యూర్‌లో, ఓబ్ మీద సలేఖార్డ్‌లో 1930ల నుంచి చేరుతూ వచ్చిన లెక్కలే ఈ నదుల చరిత్రకు పునాది.

ఆ లెక్కలన్నీ కలిపి చూసిన శాస్త్రవేత్త బ్రూస్ పీటర్సన్ బృందం 2002లో ఫలితం వెల్లడించింది. ఈ మూడింటికి కొలిమా, పెచోరా, ఉత్తర ద్వీనా కలిపితే, ఆరు నదుల నీరు 1936 నుంచి 1999కి 7 శాతం పెరిగింది. అంటే ఏడాదికి సుమారు 128 ఘన కిలోమీటర్లు అదనం. మన లెక్కలో దాదాపు 4,500 టీఎంసీలు, అంటే 312 టీఎంసీల నాగార్జునసాగర్‌ను పద్నాలుగుసార్లు నింపేంత నీరు.

మొదట అనుమానం ఆనకట్టల మీదికి వెళ్లింది. అంగారా మీద బ్రాత్స్క్, యెనిసేయ్ మీద క్రాస్నయార్స్క్ జలాశయాలు వచ్చాక చలికాలపు ప్రవాహం బాగా పెరిగిన మాట నిజమే. కానీ అది వేసవి వరదను ఆపి, కరెంటు కోసం చలికాలంలో వదిలిన నీరు. దానివల్ల ఏడాదిలో పారే మొత్తం నీరు పెరగదు. గడ్డకట్టిన నేల కరగడం, అడవులు తగలబడడం కూడా ఇంత పెరుగుదలకు చాలవని 2004లో తేలింది. ఇక మిగిలిన ప్రధాన కారణం, వేడెక్కిన గాలి దక్షిణం నుంచి మోసుకెళ్లే తేమ.

అన్నిచోట్లా ఇదే కథ కాదు. కెనడా ఉత్తర నదుల్లో 1964–2003 మధ్య ప్రవాహం సుమారు 10 శాతం తగ్గింది.

ఆర్కిటిక్‌లో ఉన్నది ప్రపంచ సముద్రజలాల్లో 1 శాతమే, అందులో కలిసేది మాత్రం ప్రపంచ నదుల నీటిలో పదోవంతుకు పైనే. తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుని, అట్లాంటిక్ ఉత్తరానికి చేరితే అక్కడ బరువెక్కి కిందికి దిగాల్సిన నీటికి అడ్డుపడుతుంది. ఓబ్, ఇర్తిష్ నీళ్లను మధ్య ఆసియాకు మళ్లించాలన్న సోవియట్ పథకాన్ని 1986లో ఆపేశారు. అది సాగి ఉంటే ఈ సముద్రానికి చేరే నీరే తగ్గేది.

నన్ను ఎక్కువగా బాధించేది ఆ తర్వాతి కాలం. 1990లలో డబ్బుల్లేక రష్యాలో ఎన్నో కొలత కేంద్రాలు మూతపడ్డాయి. కొలవకుండా వదిలేసిన ఏడాదిని ఏ ఉపగ్రహమూ వెనక్కి వెళ్లి కొలవలేదు.