ఐదొందలకు తేల్చేసిన లెక్క

ఏ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లినా గోడ మీద ఒక బోర్డు కనిపిస్తుంది: ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు. ఆ బోర్డు అవసరం పడిన కథ మొదలైంది సందులోని క్లినిక్‌లో కాదు, ఢిల్లీ ఎయిమ్స్‌లో.

1970ల మధ్యలో అక్కడ ఉమ్మనీరు తీసి పరీక్షించింది కడుపులో బిడ్డకు జన్యులోపాలున్నాయేమో చూడటానికి. ఆడో మగో కూడా అందులోనే తెలిసిపోయేది. ఆడపిల్ల అనగానే గర్భం తీయించుకున్నవాళ్లు తక్కువేం కాదు. గర్భస్రావానికి 1971 చట్టం అప్పటికే దారిచ్చింది. అక్కడి డాక్టర్లు దీన్ని తప్పు పట్టకపోగా, కొడుకు కోసం కంటూ పోవడం ఆగుతుందని 1975లో ఒక వైద్య పత్రికలో రాశారు. జనాభా తగ్గితే చాలు, ఎవరు తగ్గారన్నది అడగని రోజులవి.

ఆ దశాబ్దం చివర్లో ప్రభుత్వాసుపత్రుల్లో ఆపించారు గానీ, ప్రైవేటును ముట్టుకోలేదు. పంజాబ్‌లో, బొంబాయిలో క్లినిక్‌లు వెలిశాయి. ఇవాళ ఐదొందలు పెట్టండి, రేపు యాభై వేలు మిగుల్చుకోండి అని ప్రకటనలు! ఆ యాభై వేలు ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్న కులాలు మన దగ్గరా ఉన్నాయి. అవీ కట్నం వైపు తిరిగాక, ఆడపిల్లను పెంచడం పొరుగింటి పెరట్లో పాదుకు నీళ్లు పోయడమే అన్న మాట అన్ని ఇళ్లకూ పాకింది.

ఈ పరీక్షల మీద మహారాష్ట్ర 1988లో చట్టం చేసింది. కేంద్రం 1994లో చేసినది 1996లో అమల్లోకొచ్చింది, కాగితం మీద. సుప్రీంకోర్టు 2001లో గట్టిగా అడిగాకే రాష్ట్రాలు కదిలాయి. గర్భం రాకముందే ఆడో మగో ఎంచుకునే పద్ధతుల్నీ 2003 సవరణ నిషేధించింది. ఈలోగా అల్ట్రాసౌండ్ యంత్రాలు చిన్న ఊళ్లకూ చేరాయి. డాక్టరు నోరు విప్పనక్కర్లేదు, లడ్డూ అంటే ఒకటి, జిలేబీ అంటే ఇంకొకటి.

ఈ కేంద్ర చట్టంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. పరీక్ష చేయించుకున్న ఆవిడను భర్తో అత్తింటివాళ్లో బలవంతపెట్టారనే కోర్టు ముందుగా అనుకోవాలి, కాదని రుజువైతే తప్ప. “ఆవిడే కోరుకుంది” అనే సాకు ఇళ్లలో ఎలా పుడుతుందో రాసినవాళ్లకు తెలుసు.

ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశంలో 1961లో 976 మంది, 2001లో 927, 2011లో 919. పంజాబ్ 2001లో 798కి పడి, 2011కి 846కి కోలుకుంది. పక్కనున్న హర్యానాలో పెళ్లికాని మగవాళ్ల కోసం అస్సాం, బెంగాల్ నుంచి డబ్బిచ్చి అమ్మాయిల్ని తెస్తున్నారు. వాళ్లను అక్కడ ‘మోల్కీ’ అంటారు, కొనుక్కొచ్చినదని అర్థం. కొరత వస్తే ఆడపిల్లకు విలువ పెరుగుతుందన్నవాళ్ల లెక్క అలా తేలింది.

పంజాబ్ కొంత కోలుకున్న ఆ పదేళ్లలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 961 నుంచి 939కి దిగింది. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు.