వైరు పెడితే వస్తుంది, గాల్లో రాదు: రౌటర్ డ్రైవర్ల పాత గొడవ

మొన్న ఎండాకాలం గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి వాళ్లింట్లో ఒక పాత రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించాను, అంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి దాని బదులు పెట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి చాలా ఏళ్లయింది, డబ్బా మాత్రం దిట్టంగా ఉంది, పారేయబుద్ధి కాలేదు. ఫ్లాష్ అయింది, లైట్లు వెలిగాయి, ల్యాప్‌టాప్‌కి కేబుల్ గుచ్చితే నెట్ వచ్చింది. తీరా సెట్టింగుల్లో నెట్‌వర్క్ మెనూ తెరిస్తే, అక్కడ ఉండాల్సిన వైర్‌లెస్ అనే వరసే లేదు. వెనకాల మూడు యాంటెనాలూ ఉత్త అలంకారం. బాబాయి చేతిలో ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరేయ్, వైరు పెడితే వస్తోందిగా, గాల్లో ఎందుకు రావట్లేదు?" అన్నాడు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే ఆ రౌటర్లోని వైఫై చిప్‌కి ఓపెన్ డ్రైవర్ లేదు, అంటే చిప్‌ని నడిపే ప్రోగ్రాం కోడ్ అందరికీ దొరికేలా లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి పోవాలి.

2002 చివర్లో లింక్‌సిస్ అనే కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అని ఒక రౌటర్ తెచ్చింది. నీలం, నలుపు రంగుల డబ్బా, రెండు యాంటెనాలు. 2003లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది, అదే ఏడాది ఆ డబ్బాలో నడుస్తున్నది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమేనని కొందరు డెవలపర్లు పట్టుకున్నారు. లినక్స్‌ది జీపీఎల్ లైసెన్స్, అంటే దాన్ని సరుకులో పెట్టి అమ్మితే సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత) కూడా అడిగినవాళ్లకి ఇవ్వాలి. గొడవ పెద్దదయ్యాక ఇచ్చారు. దాని మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది, పేరులో ఆ 'డబ్ల్యూఆర్‌టీ' వచ్చింది కూడా ఈ డబ్బా నుంచే.

మెలిక ఇక్కడుంది. కోడ్ ఇచ్చారు గానీ, వైఫై రేడియోని నడిపే బ్రాడ్‌కామ్ (ఆ చిప్ చేసిన కంపెనీ) డ్రైవర్ కోడ్ అందులో లేదు. అది ముందే కంపైల్ చేసిన, అంటే మామూలుగా చదవడానికీ మార్చడానికీ వీల్లేని, ఒక బైనరీ ఫైలుగా వచ్చింది. ఇల్లంతా నీ పేరున రాసిచ్చి, వంటగది తాళంచెవి మాత్రం బొడ్లో దోపుకున్నట్టు.

దాంతో వచ్చిన చిక్కు చిన్నది కాదు. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ లోపలి ఏర్పాట్లు వెర్షన్ వెర్షన్‌కీ మారిపోతుంటాయి, డెవలపర్లు కావాలనే అలా ఉంచుకున్నారు. డ్రైవర్ కోడ్ చేతిలో ఉంటే మారినప్పుడల్లా దాన్నీ సర్దుతారు. బైనరీని ఎవరు సర్దుతారు? ఈ ఫైలు 2.4 కెర్నల్ కోసం కంపైల్ చేసింది, 2003 డిసెంబర్లో 2.6 వచ్చి లోకమంతా అటు మళ్లినా, వైఫై కావాలనుకున్న బ్రాడ్‌కామ్ డబ్బాలు ఏళ్ల తరబడి 2.4 దగ్గరే కూర్చున్నాయి.

దీనికి కొందరు కంపెనీతో రాజీకొచ్చారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటిదే ఇంకో ప్రాజెక్టు డీడీ-డబ్ల్యూఆర్‌టీ వాళ్లు గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టి బ్రాడ్‌కామ్ డ్రైవర్లు వాడుకున్నారు, అందుకే కొన్ని రౌటర్లలో అక్కడ వైఫై పనిచేస్తుంది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో పనిచేయదు. ఇంకొందరు మొండివాళ్లు బైనరీనే విప్పి చదివారు. ఈ పని చేసిన తీరు నాకు భలే నచ్చుతుంది: ఒక జట్టు బైనరీని చూసి, చిప్‌కి ఏ వరసలో ఏ అంకెలు పంపాలో మామూలు మాటల్లో రాసిపెట్టేది; ఆ బైనరీ ముఖం కూడా చూడని రెండో జట్టు ఆ రాతలు చూసి కొత్తగా కోడ్ రాసేది. కాపీ కొట్టారని రేపు ఎవరూ కేసు పెట్టకుండా. అలా తయారైన డ్రైవర్ 2006లో 2.6.17 కెర్నల్లో చేరింది, దాని తర్వాతి రూపమే బీ43. అయినా చిప్ లోపలే నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం కంపెనీదే, దాన్ని పంచిపెట్టే హక్కు వీళ్లకి లేదు. అందుకని కంపెనీ డ్రైవర్ ఫైలు మనమే తెచ్చుకుంటే అందులోంచి ఫర్మ్‌వేర్‌ని కోసి తీసే చిన్న టూల్ ఒకటి రాసిచ్చారు.

అథెరోస్ అనే ఇంకో వైఫై చిప్ కంపెనీ కథ కొంచెం నయం. వాళ్ల పాత డ్రైవర్లో కూడా హాల్ అనే ఒక ముక్క మూసే ఉండేది, ఎవరైనా మార్చి ఇష్టమొచ్చిన ఫ్రీక్వెన్సీల్లో, ఇష్టమొచ్చినంత పవర్‌తో ప్రసారం చేస్తారన్నది వాళ్ల సాకు (పూర్తిగా సాకు అనలేం, అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి కూడా అదే టెన్షన్). 2008లో ఆ కంపెనీయే ఏథ్9కే డ్రైవర్‌ని పూర్తిగా ఓపెన్‌గా ఇచ్చింది, రౌటర్లలో వాడే చిప్‌లకి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అక్కర్లేదు. ఆ తరం డబ్బాలు ఇప్పటికీ హాయిగా నడుస్తున్నాయి. తర్వాతి తరం చిప్‌ల డ్రైవర్ ఏథ్10కేకి మళ్లీ మూసిన ఫర్మ్‌వేర్ కావాల్సి వచ్చింది. అయితే ఇది మొదటి చిక్కులాంటిది కాదు: ఫర్మ్‌వేర్ చిప్ లోపల నడుస్తుంది, దాంతో మాట్లాడే డ్రైవర్ ఓపెనే, కాబట్టి కెర్నల్ మారినా బండి ఆగదు.

ఎఫ్‌సీసీ టెన్షన్ 2015లో ముదిరి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి బయటి ఫర్మ్‌వేర్ (ఇక్కడ రౌటర్ మొత్తాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అని) మొత్తానికే తాళం పడుతుందేమో అనిపించింది. 2016లో మాత్రం రౌటర్ల కంపెనీ టీపీ-లింక్ 2 లక్షల డాలర్లు కట్టి ఎఫ్‌సీసీతో రాజీపడిన కేసులో, బయటి ఫర్మ్‌వేర్‌కి వీలు కల్పించే దిశగా పనిచేయాలన్న షరతు కూడా పెట్టారు.

ఈ మధ్య కాస్త ఊపిరి పోసింది మీడియాటెక్ చిప్‌లు, వాటికున్న ఓపెన్ డ్రైవర్ ఎంటీ76. 2024లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు సొంతంగా 'వన్' అనే రౌటర్ తెస్తే అందులో పెట్టింది మీడియాటెక్ చిప్‌నే. కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బా మీద కంపెనీ పేరు కాదు, అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ అంకె చూడండి. ఒకే మోడల్ పేరుతో లోపలి సరుకు మారిపోతుంది. ఆ డబ్ల్యూఆర్‌టీ54జీ కూడా 2005లో ఐదో వెర్షన్‌కి వచ్చేసరికి మెమరీ సగానికి తగ్గి, లినక్సే ఎగిరిపోయింది.

బాబాయికి ఇదంతా చెప్తే సగంలో లేచి మజ్జిగ తాగొచ్చాడు. పాత డబ్బా ఇప్పుడు హాల్లో టీవీ వెనకాల ఉంది, నాలుగు కేబుళ్లు గుచ్చి ఉత్త స్విచ్‌లా వాడుతున్నారు. యాంటెనాలు పిన్ని విప్పేసింది, దుమ్ము పడుతున్నాయని.