అట్ట మడతల్లో తల్లి బొద్దింక

నెల్లూరు వేదాయపాలెంలో మా అన్నయ్య కొడుకు ఒక గడ్డం తొండను పెంచుతున్నాడు. అది ఆస్ట్రేలియా జాతి. దాని మేత కోసం మేడ మీది గదిలో ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా పెట్టాడు. డబ్బాలో నిలబెట్టిన కోడిగుడ్ల అట్టలు, అట్టల మడతల్లో డూబియా బొద్దింకలు. మన వంటింట్లో తిరిగేవి కావు, దక్షిణ అమెరికావి. పెద్దవి నున్నటి గోడ ఎక్కలేవు. మగవాటికి నిండు రెక్కలుంటాయి, ఆడవాటికి మొలకల్లాంటి పొట్టి రెక్కలే.

పోయిన ఎండాకాలం వాడు కంగారుగా ఫోన్ చేశాడు. "చిన్నాన్నా, ఒకదానికి పేగులు బయటికొస్తున్నాయి!"

వెళ్లి చూశాను. అట్ట అంచున ఒక ఆడ బొద్దింక కదలకుండా ఉంది. పొట్ట చివరి నుంచి లేత పసుపు రంగు గొట్టం లాంటిది బయటికొచ్చి ఉంది. టార్చి వేసి చూస్తే అందులో రెండు వరసల్లో గుడ్లు, బియ్యపు గింజల్ని నిలబెట్టి పేర్చినట్టు. మేం చూస్తుండగానే ఆ గొట్టం పక్కకు ఒరిగింది, ఆ తర్వాత కొంచెం కొంచెంగా మళ్లీ లోపలికి పోయింది. అవి పేగులు కావు, గుడ్ల సంచి. తల్లి దాన్ని తన కడుపులోనే ఉన్న మరో అరలోకి తీసుకుంటుంది. రెండు నెలల దాకా అక్కడే మోసి, ఇరవై ముప్పై పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్ల తెల్లగా, మెత్తగా ఉంటుంది. కొన్ని గంటల్లో పైపొర గట్టిపడి రంగు తిరుగుతుంది.

తొండలకు వేసే మేత పురుగులన్నీ ఇలా ఉండవు. కీచురాయి తడి మట్టిలో గుడ్లు గుచ్చి తన దారిన పోతుంది. మీల్‌వార్మ్ అనే మేత పురుగు పెద్దదై పెంకు పురుగుగా మారుతుంది. ఆ పెంకు పురుగులైతే సొంత గుడ్లనే తినేస్తాయి, అందుకే పెంచేవాళ్లు వాటిని గుడ్ల నుంచి వేరు చేస్తారు. బొద్దింకల్లోనే మరో జాతి కడుపులోని పిల్లలకు పాలు కూడా ఇస్తుంది. ఆ పాలు పిల్లల పొట్టలో స్ఫటికాలుగా మారతాయి. బెంగళూరు శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2016లో ఆ స్ఫటికాల నిర్మాణాన్ని బయటపెట్టింది. అంతే బరువు పశువుల పాల కంటే వాటిలో మూడు రెట్లకు పైగా శక్తి ఉందని లెక్కగట్టారు. డూబియా తల్లి అలా పాలివ్వదు. గుడ్డులోని సొనే పిల్లకు ఆహారం, తల్లి ఇచ్చేది తేమ, రక్షణ.

ఈ మోత తేలికేం కాదు. డబ్బాను పదేపదే కదిపినా, నీళ్లు తగ్గినా తల్లికి టెన్షన్ పెరిగి, గుడ్ల సంచిని మధ్యలోనే జారవిడుస్తుంది. అలా ఎండిపోయిన సంచులు అడుగున కనిపిస్తే పెంపకంలో ఏదో తేడా ఉన్నట్టే. చలి దేశాల్లో వీటికి హీటర్ పెడతారు. నెల్లూరు ఎండల్లో ఆ పని లేదు. మనం చూసుకోవాల్సింది తేమే, క్యారెట్ ముక్కలు పెడితే చాలావరకు సరిపోతుంది. పొట్ట ఉబ్బిన ఆడవాటిని తొండకు వేయొద్దని వాడికి గట్టిగా చెప్పాను. మగవి వేస్తే సరిపోతుంది.

పిల్లలు పుట్టాక తల్లి కిందే గుంపుగా ఉంటే ప్రేమ అనిపిస్తుంది. అంత తొందరగా ఆ మాట అనలేను. బొద్దింకల్ని ఒకచోట చేర్చేది ఎక్కువగా వాటి పెంట వాసనే. కానీ ఆ పెంటలోనే పిల్లలకు కావాల్సింది ఒకటుంది. పెద్దవాటి పెంట తినడం వల్ల, మేతను అరిగించే సూక్ష్మజీవులు పిల్లల పేగుల్లోకి చేరతాయి.

మా వదినకు ఆ నల్లటి పెంట పొడి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ప్రతి ఆదివారం డబ్బా కడిగించేది. ఇప్పుడు వాడు కడిగే ముందు రెండు గుప్పెళ్లు తీసి పక్కన పెట్టి, ఆరిన డబ్బాలో మళ్లీ చల్లుతున్నాడు.