నాన్న కారు కింద మరక ఎందుకొచ్చిందంటే

ఒరే పండూ, అమ్మడూ,

మీ వాయిస్ మెసేజీ రెండుసార్లు విన్నాను, మొదటిసారి ఇద్దరూ ఒకేసారి అరిచారు మరి. నాన్న ఆదివారం ఇంటి దగ్గరే కారు ఆయిల్ మార్చి కొత్త ఫిల్టర్ బిగించాడు, పొద్దున్న లేచి చూస్తే గచ్చు మీద ఆయిల్ మరక, కొత్తది పెట్టాక కూడా ఎందుకు కారుతోంది తాతయ్యా, అంతేగా? మరక ఏ రంగులో ఉందో మాత్రం ఇద్దరూ చెప్పలేదు, దాని సంగతి కిందికొస్తాను.

ముందు ఫిల్టర్ చేసే పని చెప్తాను. ఇక్కడ మన కాలవలోకి ఎర్రనీరు వచ్చేసింది, పైన గట్టి వానలు పడ్డాయంట. మా చిన్నప్పుడు కుళాయిలెక్కడివి, ఆ కాలవ నీళ్లే తాగేవాళ్లం. మా నాయనమ్మ బిందె మూతికి పాత పంచె ముక్క రెండు మడతలేసి తాడుతో కట్టేది, కావిట్లో తెచ్చిన నీళ్లు దాని మీద పోస్తే బురద పైన ఉండిపోయి నీళ్లు లోపలికి దిగేవి. ఫిల్టర్ డబ్బాలో ఆ గుడ్డకి బదులు మడతలు మడతలుగా కాగితం ఉంటుంది. ఇంజన్లో అరిగిన ఇనప రజను, మసి దానికి చిక్కుకుంటే ఆయిల్ అవతలికి పోద్ది.

గుడ్డకి బురద పట్టేసిందనుకోండి, పోసిన నీళ్లు దిగకుండా పక్కలకి పొర్లిపోయేవి. అప్పుడు నాయనమ్మ గుడ్డ అంచు ఒక్క వేలితో ఎత్తేది, బురదనీళ్లైనా సరే ఇంట్లో బిందె ఖాళీగా ఉండకూడదని. ఫిల్టర్లో ఆ వేలు చేసే పని చెయ్యడానికి ఒక స్ప్రింగు వాల్వు ఉంటుంది, బైపాస్ వాల్వు అంటారు (కొన్ని బళ్లకి అది ఇంజన్లోనే ఉంటుంది). కాగితం మూసుకుపోతే అది తెరుచుకుని వడకట్టని ఆయిల్నే ఇంజన్‌కి పంపుద్ది. మురికి ఆయిల్‌తో ఇంజన్ మెల్లగా అరుగుద్ది, అసలు ఆయిలే అందకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది, అందుకని ఆ ఏర్పాటు.

గుడ్డలో వడిసినా సన్న ఒండ్రు నీళ్లలో ఉండిపోయేది, దానికి చిల్లగింజ. రాతి మీద నాలుగు నీటి చుక్కలేసి గింజ అరగదీసి ఆ గంధం బిందెలో కలపడం నా డ్యూటీ, తెల్లారేసరికి ఒండ్రంతా అడుక్కి దిగి పైన నీళ్లు తేటగా ఉండేవి. నాకిప్పటికీ అది వింతే. ఇంజన్లో చిల్లగింజ వెయ్యలేం కాబట్టి ఆయిల్నే మార్చేస్తాం.

సరే, కారడం దగ్గరికొస్తాను. నాయనమ్మ గుడ్డ మార్చేటప్పుడు పాతది పూర్తిగా విప్పి బిందె మూతి తుడిచి మరీ కొత్తది కట్టేది. బద్దకించి పాతదాని మీదే కొత్తది కడితే ముడతలు పడి, ఆ ముడతల్లోంచి నీళ్లు బయటికి కారేవి. ఫిల్టర్ డబ్బా మూతి దగ్గర నల్లటి రబ్బరు రింగు ఉంటుంది చూడండి, పాత ఫిల్టర్ తీసేటప్పుడు ఒక్కోసారి ఆ రింగు ఊడి ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోద్ది. నల్లటి జిడ్డులో నల్లటి రింగు, కనపడి చావదు. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులవుతాయి. మొదట్లో కారనట్టే ఉంటుంది, ఆక్సిలేటర్ తొక్కి ఆయిల్ ప్రెషర్ పెరిగాక ఒక రింగు పక్కకి జారిందంటే ఉన్న ఆయిలంతా రోడ్డు మీదే. అందుకని ముందు అది తేలేదాకా నాన్నని కారు బయటికి తియ్యొద్దని చెప్పండి. తాతయ్య చెప్పాడని చెప్పండి, మీరు చెప్తే వినడు.

ఇప్పుడు రంగు. నాన్నది పెట్రోలు బండి కాబట్టి కొత్త ఆయిల్ ఇంకా తేనె రంగులోనే ఉండాలి. మరక నల్లగా ఉంటే పాత ఫిల్టర్ విప్పినప్పుడు ఒలికింది ఇంకా చుక్కలు పడుతోందేమో, కంగారు లేదు. తేనె రంగైతే కొత్త ఆయిలే కారుతోంది. ఫిల్టర్ చుట్టూ, కింద డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించడానికి విప్పేది) చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడిచేసి, కింద అట్టముక్క పరిచి, ఇంజన్ ఒక నిమిషం ఆన్ చేసి ఆపి, నాన్న టార్చి వేసి చూడాలి. బోల్టు దగ్గర చెమ్మ ఉంటే దాని వాషర్ మార్చాలి, ఐదో పదో రూపాయల వస్తువుకి కక్కుర్తి పడి పాతదే పెడతారు జనం. ఫిల్టర్ మూతి దగ్గర చెమ్మ ఉంటే ఫిల్టర్ విప్పి పాత రింగు ఉందేమో వేలితో తడిమి చూడటమే. అన్నట్టు, జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకి మీరే కాదు, నాన్న కూడా దూరకూడదు. స్టాండ్లు పెట్టాలి.

మళ్లీ బిగించేటప్పుడు కొత్త రింగుకి రెండు చుక్కలు ఆయిల్ రాసి చేత్తోనే తిప్పాలి, రింగు ఇంజన్‌కి ఆనాక ఇంకో ముప్పావు చుట్టు. చాలా ఫిల్టర్ల డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది, చదవరు. రెంచి పెట్టి బలమంతా చూపిస్తే ఈసారి విప్పేటప్పుడు రాదు, అప్పుడు డబ్బాకి స్క్రూడ్రైవర్ పొడిచి తిప్పుతారు, రేకు చిరిగి కూర్చుంటుంది. నన్నడిగితే ఇంజన్ కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు డబ్బాకి ఉప్పుకాగితం చుట్టి తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది. అయ్యాక స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోద్ది, కొత్త ఫిల్టర్ నిండటానికి పట్టే టైమది. ఆరకపోతే వెంటనే ఆపెయ్యాలి. ఆరితే ఇంజన్ ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి చూసి, తగ్గినంత ఆయిల్ పోయాలి.

తీసేసిన పాత ఆయిల్ మాత్రం కాలవలో పొయ్యనివ్వకండి. మీరు పోసింది కింద ఊరివాళ్ల చేపల చెరువులోకే పోద్ది. డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇచ్చెయ్యమనండి.

పాత ఫిల్టర్ పారెయ్యలేదుగా? బోర్లించి రాత్రంతా ఓడ్చి, నాన్నతో రేకు కోయించండి, మీరు కొయ్యకండి, చేతులు తెగుతాయి. లోపల కాగితం మడతలు విప్పి పేపర్ మీద పరిస్తే ఎంత పొడుగొస్తుందో అడుగుబద్దతో కొలవండి, తర్వాత దాని మీద అయస్కాంతం తిప్పండి. గ్లవ్స్ వేసుకోండి. అయస్కాంతానికి ఏమంటుకుందో ఫొటో తీసి పంపండి, మామూలు సన్న పొడైతే ఫర్లేదు, మెరిసే ముక్కలేవైనా ఉంటే నాన్నని నాకు ఫోన్ చెయ్యమనండి.

మీ తాతయ్య