చెవి ఇంకా పచ్చిగానే ఉందా?

పిల్లలూ,

సంక్రాంతి సెలవుల్లో చెవికి రెండో కుట్టు కుట్టించుకున్న మన చిన్ని, ఉగాది పచ్చడి కూడా తినేశాక ఫోన్ చేసి "తాతయ్యా, నాతో పాటు కుట్టించుకున్న వాళ్లందరికీ మానిపోయింది, నాకెందుకు మానట్లేదు? దుద్దు తీసి పారేయనా?" అని అడిగింది. అప్పటికే దానికి వాళ్లమ్మ ఒకటి, అమ్మమ్మ ఒకటి, క్లాసులో పిల్లలు పది చెప్పారట. ఒకరు స్పిరిట్ రాయమన్నారు, ఒకరు పసుపు పెట్టమన్నారు, ఇంకొకరు టూత్‌పేస్ట్ అన్నారు (ఆ టూత్‌పేస్ట్ డాక్టరమ్మను ఒకసారి నా దగ్గరకు తీసుకురండి, మాట్లాడాలి). చిన్నికి ఒక్కదానికే చెబితే రేపు మిగతావాళ్లు మళ్లీ మొదటినుంచీ అడుగుతారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు దుద్దు జోలికి పోకు చిన్నీ. చెవి తమ్మెకు కుట్టిస్తే, ఏ ఇబ్బందీ లేకుండా సాగినా, మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నీది కాస్త వెనకబడింది, అంతే. ఎందుకు వెనకబడిందో చెప్పాలంటే నిన్ను వంటింట్లోకి తీసుకెళ్లాలి.

అమ్మమ్మ గారెలు వేస్తుంటే పొయ్యి దగ్గర మూగుతారుగా మీరంతా. తడి చేసిన అరిటాకు మీద పిండి తట్టి, నడుమ వేలితో చిల్లు పెట్టి, నూనెలోకి జార్చుతుంది. కాసేపటికి పైన ఎర్రబడుతుంది, చిల్లు చుట్టూ కూడా ఎర్రబడుతుంది. ఆగలేక అప్పుడే తీసి కొరికినవాడికి ఏం దొరుకుతుంది? పైన కరకర, లోపల పచ్చి పిండి. చెవి కుట్టు కూడా అచ్చం అలాగే. గుచ్చిన చిల్లుకి ముందువైపు నుంచి కొంత, వెనకవైపు నుంచి కొంత చర్మం లోపలికి పెరుగుతూ వచ్చి, నడుమ కలుసుకోవాలి. పైన రెండు మూతులూ ముందే ఆరిపోతాయి కాబట్టి చూసేవాళ్లకు మానినట్టే ఉంటుంది, లోపల మాత్రం పచ్చి. ఇది తెలియకనే చిన్ని మాఘమాసంలో వాళ్ల బాబాయి పెళ్లికి, "నొప్పి లేదుగా" అని ఉన్న చిన్న దుద్దు తీసేసి బుట్టకమ్మలు తగిలించుకుంది. రోజంతా ఆ బుట్టలు ఊగుతూ తమ్మెను కిందికి లాగితే లోపల అప్పుడప్పుడే పుట్టిన లేత చర్మం చిరిగిపోయింది. సగం వేగిన గారెను పుల్లతో పొడిచి పైకి లేపితే ఎలా విరుగుతుందో అలా. మళ్లీ మొదటికొచ్చింది.

ఇంకో సంగతి, దుద్దు తిప్పడం. "రోజూ తిప్పకపోతే అతుక్కుపోతుంది" అని మీ అమ్మమ్మ కూడా నమ్ముతుంది, ఆవిడతో నేను వాదించను, మీతో మాత్రం చెబుతాను: తిప్పకండి. నూనెలో వేసిన మరుక్షణం గారెను అటూ ఇటూ తిప్పితే చిల్లు చితికి పకోడీ అవుతుంది. చెవిలోంచి కాస్త నీరులాంటి రసి రావడం మామూలే, అది దుద్దు కాడ మీద ఎండి పక్కు కడుతుంది. మనం దుద్దు తిప్పినప్పుడల్లా ఆ గట్టి పక్కు చిల్లులోకి దూరి లేత చర్మాన్ని గీరుతుంది. ఇక స్పిరిట్ సంగతి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి రోజూ పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుట్టే చర్మం కూడా చస్తుంది. మంట పెద్దది పెడితే గారె పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోదూ? సన్నని సెగ మీద ఓపిగ్గా వేగాలి.

ఇక్కడిదాకా గారె నా మాట వింది. ఇప్పుడు ఎదురు తిరుగుతుంది చూడండి. గారెకు నూనె లేనిదే గడవదు, పచ్చి చెవికి నూనె పనికిరాదు. నూనె, పసుపు ముద్ద, మందంగా రాసే ఆయింట్‌మెంట్, ఏదైనా సరే చిల్లు మూతికి అడ్డం పడి, తడినీ మురికినీ లోపలే ఉంచేస్తుంది.

"మరి మీ కాలంలో కొబ్బరినూనె, పసుపు రాసేవాళ్లుగా?" అని అడుగుతారు, నాకు తెలుసు. రాసేవాళ్లు. మా ఊళ్లో మగపిల్లలకు కూడా చెవులు కుట్టేవాళ్లు. నాకు ఏదో ఒక కారణంతో వాయిదా పడుతూ వచ్చి, బడికి వెళ్లే వయసులో కుట్టారు, అందుకే బాగా గుర్తుంది. మా మేనమామ ఒళ్లో కూర్చోబెట్టారు, ఆయన పంచె నిండా చుట్ట వాసన. నోట్లో బెల్లం ముక్క పెట్టారు. కంసాలి తాత తమ్మె మీద చుక్క పెట్టి, దూరం జరిగి ఒక కన్ను మూసి చూసి, ఆ చుక్క చెరిపి మళ్లీ పెట్టాడు. సన్నని బంగారు తీగ, కొస సూదిలా అరగదీసి ఉంది. ఒక్క పోటు. బెల్లం ఊసేసి, రెండో చెవి ఇవ్వకుండా గడ్డివాము వెనక్కి పరుగెత్తాను. మా మేనమామ పంచె ఎగ్గట్టి వెంటపడ్డాడు, చుట్టూ తిరగలేక చివరికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పోగులు పెట్టుకుని బడికి వెళ్తే ఇంకో కష్టం. మా పంతులుగారికి లెక్క తప్పితే చెవి మెలిపెట్టడం అలవాటు. పచ్చి పుండు చూసి పాపం చెయ్యి వెనక్కి తీసుకున్నారు గానీ, చెవులు మానేదాకా ఆ బాకీ అంతా వీపు మీద తీర్చారు.

అయినా మా చెవులు ఎలా మానాయంటే, పసుపు గొప్పతనం వల్ల అని నేననుకోను. ఆ తీగ సన్నం, తేలిక, నున్నన. వెనకాల బిగించే మర లేదు, గాలి ఆడేది. తీగ తీసేస్తే చిల్లు పూడకుండా ఆడపిల్లలకు వేప ఈనె గుచ్చి ఉంచేవాళ్లు, అదీ తేలికే. మానని చెవులూ ఉండేవి, చీము పట్టి ఉబ్బిన చెవులూ ఉండేవి. ఇప్పుడవి ఎవరికీ గుర్తుండవు, అంతే.

మర అన్నాను గదా, దాని దగ్గరే ఉంది అసలు దొంగ. చిన్నిని చెవి వెనకభాగం దగ్గరగా వీడియో తీసి పంపమన్నాను. చూస్తే, మర ఎంత బిగించారంటే తమ్మె నడుమ నొక్కుకుపోయి గుంట పడింది. ఆ మరకీ చర్మానికీ మధ్య సన్నని కాడ చుట్టూ ఒక పొడుగాటి తలవెంట్రుక చుట్టలు చుట్టుకుని ఉంది. దాని మీద తేనె రంగులో ఎండిన పక్కు, పక్కులో కాస్త తెల్లగా షాంపూ నురుగు ఎండింది. తల దువ్వినప్పుడల్లా ఆ వెంట్రుక లాగుతుంటే పిల్ల "అబ్బా" అని, అక్కడికి చేయి పోనిచ్చి తడుముకుంటోంది. ఇన్నాళ్లూ మందు ఏం రాయాలా అని అందరూ తలలు పట్టుకున్నారు గానీ, వెనక్కి తిప్పి చూసినవాళ్లు లేరు.

కాబట్టి చిన్నీ, చేతులు సబ్బుతో కడుక్కో. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ అడుగు. అది వేరే ఏమీ కాదు, లీటరు శుభ్రమైన నీటిలో 9 గ్రాముల ఉప్పు. దొరక్కపోతే మరిగించి చల్లార్చిన ఒక గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు, అంతకు మించి వద్దు, ఎక్కువైతే చర్మం ఎండి పగులుతుంది. శుభ్రమైన గాజుగుడ్డ దానిలో తడిపి చెవికి ముందూ వెనకా కాసేపు ఆనించి ఉంచు. పక్కు నానాక దానంతటదే వస్తుంది, గోరుతో గిల్లకు. దూది వాడకు, దాని పోగులు కాడకు చుట్టుకుంటాయి. ఆ వెంట్రుకను అమ్మ చేత మెల్లగా తీయించుకుని, మర కొంచెం వదులు చేయించుకో. పొద్దునొకసారి, రాత్రొకసారి చాలు, తర్వాత మెత్తగా అద్ది ఆరనివ్వు. జుట్టు పైకి కట్టుకో, ఆ చెవి మీద పడుకోకు, దిండు గలీబు మార్చించు, హెడ్‌ఫోన్స్ కొన్నాళ్లు పక్కన పెట్టు, స్విమ్మింగ్ పూల్, కాలవ ఈతలు బంద్. బుట్టకమ్మలు బీరువాలో పెట్టి తాళం అమ్మమ్మకివ్వు.

పప్పు తింటే చీము పడుతుందని మీ ఇంట్లో పథ్యం కూడా పెట్టారట. ఆ మాటకు ఆధారమేమీ లేదు. పుండు మానాలంటే కొత్త చర్మం కట్టుకోవాలి, దానికి కావలసిన సరుకు పప్పులోనూ గుడ్డులోనూ ఉంది. శుభ్రంగా పప్పన్నం తిను. నాలాంటి షుగరు మనిషికి పుండ్లు ఎటూ నెమ్మదిగానే మానతాయి, నీకా బెడద లేదు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలో కూడా చెబుతాను, ఇది నవ్వులాట కాదు. ఎరుపు చిల్లు దాటి పాకుతున్నా, చెవి వేడెక్కి సలుపుతున్నా, పచ్చగా చిక్కటి చీము వస్తున్నా, జ్వరం తగిలినా, దుద్దు మొగ్గ చర్మంలోకి దిగిపోతున్నా వెంటనే వెళ్లాలి. అప్పుడు కూడా మీ అంతట మీరు దుద్దు పీకకండి, చిల్లు పైన మూసుకుపోయి చీము లోపల ఉండిపోవచ్చు. తీయాలో వద్దో డాక్టరు చెబుతారు. నొప్పి పెద్దగా లేకుండా రెండు చెవులూ ఒకేలా దురదపెట్టి, పొక్కి, చెమ్మగిల్లుతుంటే అది చాలావరకు నికెల్ పడకపోవడం. ఫ్యాన్సీ షాపు కమ్మల్లో పైన బంగారు రంగు ఉన్నా లోపల ఆ లోహం ఉంటుంది. 916 గుర్తున్న 22 క్యారెట్ల బంగారమో, టైటానియమో అయితే సామాన్యంగా గొడవ ఉండదు. చిల్లు చుట్టూ గట్టిగా కాయలా లేచి, పుండు ఉన్న మేర దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్ కావచ్చు, గిల్లడాలు కోయడాలు మానేసి చర్మం డాక్టరుకు చూపించండి.

అన్నట్టు బంటీగాడు చెవి పైభాగాన, ఎముకలా ఉండేచోట కుట్టించుకుంటానని పట్టుబట్టాడట. ఒరేయ్, అది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న పొర నుంచి అందేదే తిండి. అక్కడ మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. అక్కడ చీము పడితే చెవి ఆకారమే మారిపోవచ్చు. పద్దెనిమిదేళ్లు రానీ, అప్పుడు నీ చెవి నీ ఇష్టం. చెవులు కుట్టే గన్నుతో మాత్రం ఆ చోట కొట్టించుకోకు, సూదితో చేసే తెలిసినవాళ్ల దగ్గరకు వెళ్లు.

మన పాతకాలపు శస్త్రవైద్యుడు సుశ్రుతుడు ఉన్నాడే, ఆయన తన వైద్య గ్రంథంలో సూత్రస్థానం అనే భాగంలో చెవులు కుట్టడం మీద ఒక అధ్యాయమే రాశాడు. బిడ్డకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుట్టమన్నాడు. ఎండ పడేట్టు చెవి పట్టుకుంటే లోపలినుంచి వెలుగు కనిపించేచోటు ఒకటి ఉంటుంది, అది దేవుడు పెట్టిన చిల్లు, అక్కడ గుచ్చాలి అన్నాడు. రక్తం ఎక్కువ కారినా, నొప్పి ఎక్కువైనా చోటు తప్పినట్టేనట. గుచ్చాక దూది వత్తి పెట్టి, మూడేసి రోజులకొకసారి అంతకంటే లావు వత్తి మార్చమన్నాడు. నూనె కూడా పోయమన్నాడులే, ఆ ఒక్క దగ్గర ఆయనతో నాకు పేచీ. కానీ ఆ వెలుగు సంగతి మాత్రం నిజం, నేను మీ అమ్మల చెవుల్లో చూశాను.

మీరూ చూడండి. రేపు పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ ఒకరు సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి, ఇంకొకరు ఎదురుగా నిలబడి, ఎండ వెనకనుంచి చెవి మీద పడేట్టు చూసుకుని, తమ్మెను చూడండి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు. ఎర్రగా వెలుగుతుంది, సన్నని నాళాలు కనిపిస్తాయి. పైభాగాన్ని కూడా చూసి, రెండింటినీ వేళ్లతో వంచి పోల్చండి. ఏది మెత్తన, ఏది వంచితే వెనక్కి లేస్తుంది, నాళాలు ఎక్కడ ఎక్కువ, రాసి పంపండి. చిన్ని చెవి మాత్రం ముట్టుకోవద్దు, దాన్ని దూరంనుంచే చూడండి.

మీ తాతయ్య