సిలువ కథ తెలుగు తెరకెక్కిన దారి

గుడ్ ఫ్రైడే నాడు హైదరాబాద్, సికింద్రాబాద్ చర్చిల్లో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం మధ్యాహ్నం మూడింటిదాకా సాగుతుంది. ఉపవాసం ఉన్నవాళ్ళు ఇంటికొచ్చి టీవీ పెడితే ఏదో ఒక ఛానల్లో యేసు కథతో తీసిన తెలుగు సినిమా ‘కరుణామయుడు’ వస్తుంటుంది. క్రీస్తు మీద విదేశాల్లో తీసినవి ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌తో ఫోన్లోనే దొరుకుతున్నాయి. అయినా 1978 నాటి ఈ సినిమాను మనవాళ్ళు వదల్లేదు. దానికి కారణం చాలా వెనక ఉంది.

క్రీస్తు కథకూ మన పౌరాణికాలకూ చుట్టరికం పాతదే. 1910-11 ప్రాంతంలో దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన మూకీ చూశారు. తెర మీద యేసు కదులుతుంటే ఆయన మనసులో రాముడు, కృష్ణుడు మెదిలారు. మన దేవుళ్ళను కూడా ఇలా చూపించాలన్న పట్టుదలే 1913లో ఆయన తీసిన ‘రాజా హరిశ్చంద్ర’ సినిమా దాకా నడిపించింది.

పాశ్చాత్యులకు మాత్రం యేసు ముఖం చూపించడం చాలాకాలం పెద్ద టెన్షన్. 1912లో ఏర్పడిన బ్రిటిష్ సెన్సార్ బోర్డు మొదట పెట్టుకున్న నిషేధాలు రెండే. క్రీస్తును తెర మీద చూపకూడదన్నది అందులో ఒకటి. హాలీవుడ్‌లో దర్శకుడు సెసిల్ బి. డెమిల్ 1927లోనే ఆ ముఖం చూపించారు. అయినా 1959 నాటి ‘బెన్‌హర్’లో, దాహంతో కూలిపోయిన బానిసకు నీళ్ళిచ్చే యేసు మనకు వెనకనుంచే కనిపిస్తాడు. అడ్డుకోబోయిన రోమన్ సైనికుడు ఆయన్ని చూసి తడబడి తగ్గిపోతాడు. ఆ ముఖం ఎలాంటిదో సైనికుడి కళ్ళను బట్టి ఊహించుకోవాల్సిందే. గొప్ప సన్నివేశం, సందేహం లేదు.

మన ప్రేక్షకుడికి ఆ దాపరికం అక్కర్లేదు. ఎన్టీఆర్‌లో కృష్ణుణ్ణి చూసి దండం పెట్టుకున్న జనం కదా! ‘కరుణామయుడు’లో యేసుగా నటించిన విజయచందర్‌నూ అలాగే గుండెలకు హత్తుకున్నారు. దర్శకుడు ఎ. భీంసింగ్, తమిళంలో కుటుంబ కథలకు పేరుపడ్డ మనిషి, ఆ ఆదరణ చూడకుండానే 1978 జనవరిలో కన్నుమూశారు. సినిమా ఆ డిసెంబరులో, క్రిస్మస్ ముందు విడుదలైంది.

నా దృష్టిలో ఆ సినిమాకు ప్రాణం మోదుకూరి జాన్సన్ రాసిన ‘కదిలింది కరుణరథం’. యేసు సిలువ మోసుకుంటూ కల్వరి వైపు నడుస్తుంటే వెనక బాలసుబ్రహ్మణ్యం గొంతు. మాటలు చెప్పలేని చోట పాట అందుకోవడం మన నాటకాల నుంచీ ఉన్న పద్ధతే. 2004లో వచ్చిన ‘ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ కొరడా దెబ్బలను కళ్ళు మూసుకునేంత వివరంగా చూపించింది. జాన్సన్ పాట కళ్ళు మూసుకున్నా ఏడిపిస్తుంది. చర్చికి వెళ్ళనివాళ్ళకు కూడా అది నోటికి రావడం నాకెప్పుడూ సంతోషమే.

1980లో బాపు ‘రాజాధిరాజు’ తీశారు. అందులోనూ యేసు విజయచందరే. 1986లో ఆయనే షిర్డీ సాయిబాబాగా వచ్చారు. ఇదే జనం ఆ సినిమాకూ భక్తితోనే వెళ్ళారు.